ఓడకు కావలసిన నది, ఒడ్డుకు కావలసిన నది

నదుల్లో పెద్ద ఓడలు నడపాలా వద్దా అన్న చర్చ ఎక్కడ జరిగినా రెండు లెక్కలు ముందుకొస్తాయి. మొదటిది ఇంధనం లెక్క. 1,500 టన్నుల సరుకుతో ఒక బార్జి (చదునైన అడుగున్న సరుకు ఓడ) కదిలితే, పాతిక టన్నులు మోసే లారీలు 60 రోడ్డెక్కనవసరం లేదు. అదే సరుకు అంతే దూరం వెళ్లడానికి నీటి మీద చాలా తక్కువ డీజిల్ చాలు. రెండో లెక్కలో తెగిన వలలు, బోల్తా పడ్డ నాటుపడవలు, ఒడ్డున కోసుకుపోయిన కొద్దిపాటి భూమి ఉంటాయి. మొదటి లెక్క కోట్లలో, రెండోది వేలల్లో ఉంటుంది కాబట్టి నిర్ణయం తేలిగ్గా జరిగిపోతుంది.

మొదటి లెక్క అబద్ధం కాదు. నీటి రవాణాకు నిజంగానే ఖర్చు తక్కువ, పొగ తక్కువ. సమస్య రెండో లెక్కతోనే. అందులో రాసినవన్నీ నిజమే గానీ, రాయకుండా వదిలేసినవే ఎక్కువ. పెద్ద ఓడకు ఏడాది పొడవునా ఒకే లోతు, ఒకే వెడల్పు ఉన్న అడ్డులేని దారి కావాలి. నది మీద బతికేవాళ్లకు అక్కరకొచ్చే నది వేరు. ఒకచోట మడుగు, మరోచోట మోకాటి లోతు, వేసవిలో తేలే ఇసుక తిన్నె, వరదకు మునిగే లంక, ప్రవాహం మందగించే పాయ. చేప గుడ్డు పెట్టేది, పశువు నీళ్లు తాగేది, పుచ్చతీగ పాకేది, వల పరిచేది ఈ ఎగుడుదిగుళ్లలోనే. నదిని ఓడకు తగ్గట్టు చదును చేయాలని నిర్ణయించిన రోజే వీళ్ల నష్టం మొదలవుతుంది. ఓడ వచ్చి వలను తాకడం దానికి చాలా తర్వాతి సంగతి.

ఓడ దాటేటప్పుడు ఒడ్డున జరిగేది

సముద్రంలో ఓడ తోసిన నీటికి ఎటైనా పోయే చోటుంటుంది. నదిలో ఉండదు. ఓడ ముందుకు కదిలితే దాని ముందున్న నీరు వెనక్కి రావాలి. రావడానికి ఉన్న దారల్లా ఓడకు రెండు పక్కలా, అడుగునా మిగిలిన సందే. ఆ సందులో నీరు వేగంగా వెనక్కి పరుగెడుతుంది, ఆ వేగానికి ఓడ పక్కన నీటిమట్టం పడిపోతుంది. అందుకే ఓడ ఎదురుగా వస్తుండగానే ఒడ్డు నీరు లోపలికి లాక్కుపోయి బురద బయటపడుతుంది. ఓడ దాటగానే అదే నీరు అలగా విరుచుకుపడుతుంది. రేవులో కట్టేసిన పడవ ముందు బురదలో కూర్చుంటుంది, ఆ తర్వాత తాడు తెంపుకునేంత గట్టిగా లేస్తుంది. వలను పట్టి ఉంచిన కర్రలు కదిలి ఊడతాయి. నడుంలోతు నీళ్లలో నిలబడి పని చేసుకునేవాళ్లకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే సంగతే.

ఈ లాగుడు ఎంత బలంగా ఉంటుందన్నది ఓడ ఎంత పెద్దదన్న దానిమీదే ఆధారపడదు. ఆ చోట నదిలో ఉన్న నీటిలో ఎంత భాగాన్ని ఓడ ఆక్రమించిందన్నది ముఖ్యం. వరద కాలంలో ఎవరికీ పట్టని ఓడే, ఎండాకాలంలో పాయ సన్నబడ్డాక ఒడ్డును కుదిపేస్తుంది. చాలా నదుల్లో చేపల వేటకు అనువైన కాలం నీరు తగ్గి చేప మడుగుల్లోకి చేరే ఆ నెలలే. వేటగాళ్లకు పని ఎక్కువ ఉన్న కాలం, ఓడ ప్రభావం ఎక్కువ ఉన్న కాలం ఒకటే అవుతున్నాయి. ఏడాది మొత్తానికి సగటు తీసి రాసే ప్రభావ నివేదికల్లో ఈ సంగతి కనబడకుండా పోతుంది.

పిల్లచేపల సంగతి దీనికంటే పెద్దది. పొదిగాక మొదటి వారాలు అవి ఒడ్డు పక్క పలచటి, వెచ్చటి నీళ్లలో పెరుగుతాయి. పెద్ద చేపలు అక్కడికి రాలేవు, తిండి దొరుకుతుంది. వేలెడంత కూడా లేని చేపపిల్ల వెనక్కి లాగే నీటికి ఎదురీదలేదు. కొట్టుకుపోతుంది, లేదా నీరు తీసినప్పుడు బురదలో చిక్కుకుని చస్తుంది. ఒక్క ఓడతో పెద్దగా ఏమీ కాదు. అదే రోజంతా ఓడలు తిరిగే చోట పిల్లచేపకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరకదు. జర్మనీలో ఓడలు నడిచే నదుల మీద పనిచేసిన చేపల శాస్త్రవేత్తలు, పిల్లచేపలకు ఉన్న ఈదే శక్తే అక్కడి చేపల సంఖ్యకు హద్దు పెడుతోందని వాదించారు. నీరు శుభ్రపడినా సరే, ఒడ్డు కుదురుగా లేకపోతే చేప పెరగదన్నమాట. ఈ నష్టాన్ని ఏ జాలరీ చేత్తో పట్టి చూపించలేడు. మూడు నాలుగేళ్ల తర్వాత "చేప తగ్గింది" అని మాత్రం చెప్పగలడు. అప్పటికి కారణాలుగా చూపడానికి ఎరువుల నీళ్లు, పైన కట్టిన ఆనకట్ట, ఎక్కువైన వేట అన్నీ ఉంటాయి. ఓడ ఆ గుంపులో కలిసిపోతుంది.

దీనికి ఉన్న మందుల్లో అన్నిటికంటే చవకైనది వేగం తగ్గించడం. అల ఎత్తు రెట్టింపైతే దాని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఇరుకు పాయలో ఓడ వేగం కొంచెం పెరిగినా అల ఎత్తు చాలా పెరుగుతుంది. అంటే కాస్త నెమ్మదిగా వెళితే ఒడ్డుకు దక్కే ఊరట చాలా ఎక్కువ. ఊళ్లున్న చోట, చేప గుడ్డు పెట్టే నెలల్లో నెమ్మదిగా నడపడానికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. ప్రయాణానికి కొన్ని గంటలు ఎక్కువ పడతాయి. ఆ గంటల ఖర్చు ఓడవాళ్ల లెక్కలోకి వస్తుంది, అల తెచ్చే ఖర్చు మాత్రం రాదు. అందుకే వేగ పరిమితి కాగితం మీద ఉన్నచోట కూడా అమలుకు పట్టుబట్టేవాళ్లు తక్కువ.

అల కొట్టిన ఒడ్డు కోసుకుపోతుంది. ఒండ్రు మట్టి ఒడ్డులైతే మరీ తొందరగా. కోతను ఆపడానికి రాళ్లు పేరుస్తారు, కాంక్రీటు గోడ కడతారు. కాగితం మీద ఇది ఒడ్డును కాపాడే పని. ఒడ్డున ఉన్నవాళ్లకు మాత్రం పడవ లాగి పెట్టుకునే వాలు పోతుంది, వల ఒడ్డుకు ఈడ్చే చోటు పోతుంది, పశువు నీళ్లలోకి దిగే దారి పోతుంది. కెనడాలో మాంట్రియల్ పక్కనున్న కానవాకే అనే మోహాక్ ఆదివాసుల ఊరికి ఇది పూర్తి స్థాయిలో జరిగింది. సముద్రపు ఓడలు గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల దాకా వెళ్లడానికి 1950లలో సెయింట్ లారెన్స్ నది వెంట జలమార్గం తవ్వారు. 1959లో తెరిచారు. ఆ కాలువ సరిగ్గా ఊరికీ నదికీ మధ్య నుంచి వెళ్లింది. ఊరి భూమిని కొంత తీసుకున్నారు, పరిహారం లెక్క కట్టారు. తరతరాలుగా నదీ తీరాన బతికిన ఊరు కాలువ గట్టున ఉండే ఊరైపోయింది. ఈత నేర్చుకోవడం, చేపలు పట్టడం, నది మీద పని వెతుక్కోవడం అన్నీ ఆ తీరంతో ముడిపడినవి. వాటికి ఎకరాల లెక్కలో ధర కట్టే పద్ధతి అప్పుడు లేదు, ఇప్పటికీ లేదు.

లోతు కోసం చేసే పని

అలలు కంటికి కనిపిస్తాయి. లోతు కోసం అడుగున జరిగే పని కనిపించదు. నా ఉద్దేశంలో ఈ రెండిటిలో ఎక్కువ హాని చేసేది అడుగున జరిగేదే.

గంగనే తీసుకుందాం. హల్దియా నుంచి ప్రయాగ్‌రాజ్ దాకా 1,620 కిలోమీటర్ల దారిని 1986లో మొదటి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2016లో వచ్చిన చట్టంతో దేశంలో జాతీయ జలమార్గాల సంఖ్య 111కు చేరింది. మొదటి జలమార్గం మీద 1,500 నుంచి 2,000 టన్నుల ఓడలు నడపాలని ప్రపంచ బ్యాంకు రుణంతో జల్ మార్గ్ వికాస్ ప్రాజెక్టు చేపట్టారు. అందుకు 45 మీటర్ల వెడల్పున దారి కావాలి. దిగువన 3 మీటర్లు, పైకి పోయేకొద్దీ కొంత తక్కువగా, కనీస లోతు ఏడాది పొడవునా ఉండాలి. 2018 నవంబరులో వారణాసి టెర్మినల్‌ను ప్రారంభించారు, కోల్‌కతా నుంచి కంటైనర్లతో మొదటి ఓడ అక్కడికి చేరింది.

గంగ మాత్రం ప్రపంచంలో అతి ఎక్కువ ఒండ్రు మోసే నదుల్లో ఒకటి. ఈ ఏడు పాయ ఉన్న చోట వచ్చే ఏడు ఇసుక మేట ఉంటుంది. అందువల్ల పూడిక తీత ఒకసారి చేసి వదిలేసే పని కాదు, ఏటేటా చేస్తూనే ఉండాలి. కొన్నిచోట్ల వెదురు తడికలు పాతి నీటిని ఒకే పాయలోకి మళ్లిస్తారు. డ్రెడ్జర్‌తో తోడడం కంటే ఇది మెత్తని పద్ధతే. అయినా రెండిటి ఉద్దేశమూ నీటిని ఒక్కచోటికి చేర్చడమే. నీరు ప్రధాన పాయలోకి చేరితే పక్క పాయల్లో తగ్గుతుంది. పెద్ద వల, ఇంజను పడవ లేని జాలరి బతికేది ఆ పక్క పాయల్లోనే. ఎండాకాలంలో తేలే తిన్నెల మీద పుచ్చ, దోస, కాకర వేసుకునే భూమిలేని కుటుంబాలకు తిన్నె ఎక్కడ తేలుతుంది, ఎన్ని నెలలు ఉంటుంది అన్నదే ఏడాది ఆదాయం.

తోడిన ఇసుకను ఎక్కడ పోస్తారన్నది మరో ప్రశ్న. ఒడ్డుకు మోయడం ఖర్చుతో కూడిన పని కాబట్టి చాలాసార్లు నదిలోనే మరోచోట పోస్తారు. లోతు మడుగుల్లో పోస్తే దారికి అడ్డు ఉండదని ఇంజినీరుకు అనిపిస్తుంది. వేసవిలో చేప తలదాచుకునేది ఆ మడుగుల్లోనే. నీరు బురదైతే చేప గుడ్లకు గాలి అందదు, చూసి వేటాడే చేపకు తిండి దొరకదు. అడుగున ఉండే పురుగులు, నత్తలు, ఆల్చిప్పలు ఇసుకతో పాటే పోతాయి. మరుసటి ఏడు అక్కడ మళ్లీ తోడతారు కాబట్టి అవి తిరిగి కుదురుకోవు.

ఈ కథ గంగకే పరిమితం కాదు. జర్మనీలో హాంబర్గ్ రేవుకు పెద్ద కంటైనర్ ఓడలు రావడానికి ఎల్బే నదిని తరతరాలుగా లోతు చేస్తూ వచ్చారు. చివరి విడత పనులు 2019లో మొదలయ్యాయి. ఆ మధ్యకాలంలోనే ఎల్బే దిగువన ష్టింట్ అనే చిన్న చేప బాగా పడిపోయింది. దాని మీద ఆధారపడ్డ వేట కుటుంబాలు కొన్నే మిగిలాయి. లోతు చేసిన నదిలో పోటు నీటితో పాటు ఒండ్రు పైకి ఎక్కువగా వస్తుంది, దాంతో మళ్లీ తోడాల్సి వస్తుంది. చేప తగ్గడానికి ఇదొక్కటే కారణమని తేల్చడం కష్టం. నీటి బురదతనం ప్రధాన అనుమానితుల్లో ఒకటి. గట్టి నియమాలు, డబ్బు, కోర్టులు ఉన్న దేశంలోనే పరిస్థితి ఇలా ఉంటే, అవేవీ అందుబాటులో లేని చోట సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రాతి నదులు ఇంకో రకం. మెకాంగ్ ఎగువ భాగంలో చైనా, లావోస్, మయన్మార్, థాయిలాండ్ 2000లో ఓడల రాకపోకల ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లకే మొదటి విడతగా నదిలోని రాళ్లను కొన్నిచోట్ల పేల్చేశారు. తర్వాతి విడత 500 టన్నుల ఓడల కోసం. థాయిలాండ్‌లో చియాంగ్ ఖాంగ్ దగ్గరి ఖోన్ పీ లోంగ్ అనే చోట, నీరు జోరుగా పారే రాళ్లను దాని కోసం పేల్చాలన్నారు. ఓడ సరంగుకు అవి గండం. అక్కడివాళ్లకు మాత్రం చేప గుడ్డు పెట్టే చోటు. ఎండాకాలంలో నీరు తేరుకున్నాక ఆ నది రాళ్ల మీద "కై" అనే పచ్చటి నాచు పెరుగుతుంది. ఆడవాళ్లు నీళ్లలో దిగి దాన్ని సేకరించి, ఎండబెట్టి అమ్ముకుంటారు. మత్స్యశాఖ పట్టీల్లో వాళ్ల పేర్లు ఉండవు, ఎందుకంటే వాళ్లు చేపలు పట్టరు. రాయి పోతే వాళ్ల పని పోతుందని రాసే గడి ఏ ఫారంలోనూ ఉండదు. స్థానికులు ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. రాళ్లు పోతే ప్రవాహం మారి లావోస్‌తో సరిహద్దు జరుగుతుందన్న భయం కూడా ప్రభుత్వాన్ని ఆలోచింపజేసింది. 2020 ఫిబ్రవరిలో థాయ్ మంత్రివర్గం ఆ పనిని రద్దు చేసింది. ఇలాంటి వివాదాల్లో ఒడ్డు గెలిచిన అరుదైన సందర్భం అది. గెలుపులో దేశ సరిహద్దుకు ఉన్న వాటాను మర్చిపోతే, జీవనోపాధి వాదన ఒక్కటే చాలిందన్న తప్పుడు ధైర్యం వస్తుంది.

ఇంజను చప్పుడు గురించి కొద్దిగా. గంగా డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు. శబ్దం వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనితోనే దారి, తిండి వెతుక్కుంటుంది. పెద్ద ప్రొపెల్లర్ల మోత మధ్య ఆ పని కష్టమవుతుంది. ఇది మనుషుల జీవనోపాధికి దూరమైన విషయంలా కనిపించవచ్చు. మయన్మార్‌లో ఐరావతి నది మీద విసురు వల వేసే కొందరు జాలరులు డాల్ఫిన్లతో కలిసి వేటాడతారు. పడవ అంచు మీద కర్రతో తట్టి వాటిని పిలుస్తారు, అవి చేపల గుంపును పడవ వైపు తోలుతాయి, వల పడుతుంది. ఆ పద్ధతిని కాపాడటానికే 2005లో మింగున్, క్యౌక్‌మ్యౌంగ్ ఊళ్ల మధ్య నదిని రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కర్ర చప్పుడు వినబడితేనే నడిచే వేట అది. మోత పెరిగిన నదిలో అలాంటి పని నిలబడదు.

ప్రమాదం జరిగిన రోజు

రోజువారీ నష్టాన్ని పట్టించుకోనివాళ్లు కూడా ప్రమాదాన్ని పట్టించుకుంటారు. 2014 డిసెంబరు 9న బంగ్లాదేశ్ సుందర్బన్స్‌లోని షెలా నదిలో ఒక సరుకు ఓడ గుద్దుకుని చమురు ఓడ మునిగింది. సుమారు 3,50,000 లీటర్ల ఫర్నేస్ ఆయిల్ నీళ్లలో కలిసింది. అసలు ఆ దారి పెద్ద ఓడలది కాదు. మంగ్లా-ఘసియాఖాలీ కాలువ పూడిపోవడంతో 2011 నుంచి ఓడలను అడవి మధ్య నుంచి, డాల్ఫిన్ల రక్షిత ప్రాంతం మీదుగా మళ్లించారు. చమురు తీయడానికి తగిన యంత్రాలు లేవు. చుట్టుపక్కల ఊళ్ల జాలరులు, పిల్లలు సహా, స్పాంజీలతో, గిన్నెలతో, వట్టి చేతులతో చమురును ఎత్తారు. చమురు కంపెనీ లీటరుకు 30 టాకాలు ఇచ్చి కొనుక్కుంది. వేట ఆగిపోయిన కుటుంబాలకు ఆ రోజుల్లో దొరికిన ఆదాయం అదే. నది పాడైనందుకు పరిహారం అందాల్సినవాళ్లు, నదిని శుభ్రం చేసే కూలీలుగా, చేతులకు తొడుగులు కూడా లేకుండా పనిచేశారు. ఇంతకంటే స్పష్టంగా ఈ లావాదేవీలో ఎవరు ఎక్కడ ఉన్నారో చెప్పే ఉదాహరణ మరొకటి లేదు. ఆ తర్వాత కూడా ఓడలు మళ్లీ అదే దారిలో తిరిగాయి. 2016లో మరో ప్రమాదం జరిగాకే ఆ మార్గాన్ని పూర్తిగా మూసేశారు.

సరిహద్దుకు ఇవతలి వైపు, పశ్చిమ బెంగాల్‌లో, 2020లో ఫ్లై యాష్ (బొగ్గు కాల్చగా మిగిలే బూడిద) నింపుకుని బంగ్లాదేశ్‌కు వెళుతున్న ఓడలు హుగ్లీ, మురిగంగ ప్రాంతంలో ఒకటికి మించి మునిగాయి. చమురు తెట్టు నీటి మీద తేలుతుంది కాబట్టి ఫొటోల్లోకి ఎక్కుతుంది. బూడిద అడుగుకు చేరుతుంది, వార్తలు అక్కడితో ఆగిపోతాయి.

ఓడతో పాటు పిలవని అతిథులు కూడా వస్తాయి. ఆసియాకు చెందిన గోల్డెన్ మసెల్ అనే చిన్న ఆల్చిప్ప 1990ల మొదట్లో ఓడలు అడుగున నింపుకొచ్చిన నీటితో దక్షిణ అమెరికాలోని లా ప్లాటా నదీముఖానికి చేరింది. బార్జీల అడుగు భాగానికి అంటుకుని పరానా, పరాగ్వే నదుల వెంట పదేళ్లలోపే పంతనాల్ చిత్తడి నేలల దాకా ఎగబాకింది. అడుగు నేలను, నీటి పైపులను, చేపలు పెంచే వలపంజరాలను పొరలు పొరలుగా కప్పేస్తుంది. ఓడలు తమ అడుగున నింపుకునే బ్యాలస్ట్ నీటి మీద అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరినా, అమల్లోకి వచ్చింది 2017లో.

దారి ఎవరిది

చిన్న పడవ, పెద్ద ఓడ ఎదురుపడితే ఎవరు తప్పుకోవాలి? సముద్రంలో సాధారణంగా చేపలు పట్టే పడవకు ఇంజను ఓడ దారి ఇవ్వాలి. అయితే 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాల్లో తొమ్మిదోది ఇరుకు దారుల గురించి వేరే మాట చెబుతుంది. అక్కడ చేపలు పట్టే పడవ, దారి వెంట వెళ్లే ఏ ఓడకూ అడ్డు కాకూడదు. 20 మీటర్ల కంటే చిన్న పడవలు, ఆ దారిలో తప్ప వెళ్లలేని ఓడకు అడ్డు రాకూడదు. భద్రత దృష్టితో చూస్తే ఇందులో న్యాయం ఉంది. 2,000 టన్నుల ఓడ బ్రేకు వేసి ఆగలేదు. నదుల నియమాలు కూడా చాలాచోట్ల ఇదే దారిలో నడుస్తాయి.

నియమం రాసినవాళ్లు ఊహించింది ఒక క్షణం పాటు ఎదురుపడే రెండు పడవలను. నదిలో పరిచిన వల పడవ కాదు. రాత్రి వేసి తెల్లవారుజామున తీసే వల పక్కకు తప్పుకోలేదు. ఎప్పుడో ఒకసారి ఓడ వచ్చే నదిని "దారి"గా ప్రకటించగానే, అంతకుముందు వల వేయడానికి మంచి చోటైన లోతు పాయంతా అడ్డు తగలకూడని చోటవుతుంది. ఎవరూ వేటను నిషేధించరు, ఎవరి లైసెన్సూ రద్దు కాదు. వేటకు మిగిలిన చోటు మాత్రం ఏటేటా ఒడ్డు వైపు జరుగుతుంది. అక్కడేమో అల కొడుతుంది.

బీహార్‌లో జరిగింది ఈ విషయంలో చాలా చెబుతుంది. సుల్తాన్‌గంజ్ నుంచి పీర్‌పైంతీ దాకా గంగ నీటి మీద కొన్ని జమీందారీ కుటుంబాలకు హక్కు ఉండేది, జాలరులు వాళ్లకు పన్ను కట్టాలి. 1982లో కహల్‌గావ్‌లో మొదలైన గంగా ముక్తి ఆందోళన దాని మీద దాదాపు పదేళ్లు పోరాడింది. 1991లో ప్రభుత్వం ఆ పద్ధతిని ఎత్తేసి, సంప్రదాయ మత్స్యకారులకు నదిలో ఉచితంగా వేటాడే హక్కు ఇచ్చింది. అదే ఏడు సుల్తాన్‌గంజ్, కహల్‌గావ్ మధ్య నదిని విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యంగా ప్రకటించారు. ఇప్పుడు అదే నది జాతీయ జలమార్గం కూడా. జమీందారు మీద గెలిచిన హక్కు బార్జి ముందు ఎందుకూ కొరగాదు. జమీందారుతో గొడవ నీరు ఎవరిదన్నదాని మీద. ఓడతో గొడవ అసలు నీళ్లలో ఎవరు ఉండొచ్చన్నదాని మీద. మొదటిదానికి కోర్టు, సమ్మె, ఊరేగింపు అన్నీ ఉన్నాయి. రెండోదానికి ఎదుటి మనిషి కూడా దొరకడు, ఓడ ఇరవై నిమిషాల్లో కనుచూపు దాటిపోతుంది.

నదిలో చోటు తక్కువైనప్పుడు ఎవరిని ముందు ఖాళీ చేయమంటారో చైనాలోని యాంగ్జీ నదిలో చూడొచ్చు. ఏటా 300 కోట్ల టన్నులకు పైగా సరుకు మోసే ఆ నది, ప్రపంచంలో అతి రద్దీ ఉన్న లోపలి జలమార్గం. అక్కడి బైజీ డాల్ఫిన్ కోసం 2006లో వెతికితే ఒక్కటీ కనబడలేదు. చేపలు అడుగంటిపోవడంతో 2021 జనవరి నుంచి పదేళ్ల పాటు వేటను నిషేధించారు. దాదాపు 2,30,000 మంది జాలరులు పడవలు వదులుకున్నారు. నిషేధం అవసరమే. చేపలు కోలుకుంటున్న సూచనలు కూడా ఉన్నాయి. చైనా ప్రభుత్వం పరిహారం, పింఛను, కొత్త పనుల్లో శిక్షణ ఏర్పాటు చేసింది. అయినా ఆనకట్టలు, పూడిక తీత, ఓడల రద్దీ, కాలుష్యం, వేట కలిసి చేసిన నష్టానికి నదిని వదిలి వెళ్లమన్నది వీటిలో ఒక్కరినే అన్న సంగతి మిగిలే ఉంటుంది. ఓడలు అంతకంతకూ పెరుగుతున్నాయి.

లెక్కలోకి రావాలంటే

జలమార్గాలు తీరంవాళ్లకు ఏమీ ఇవ్వవని చెప్పడం న్యాయం కాదు. గంగ వెంట కట్టిన చిన్న తేలే జెట్టీలు రేవు దాటే పడవలకు, కూరగాయలు మోసుకెళ్లేవాళ్లకు పనికొస్తున్నాయి. ఫరక్కా బ్యారేజీ దగ్గర ఓడలు దాటడానికి కట్టే కొత్త లాక్ గేట్లను హిల్సా చేప పైకి వెళ్లే దారిగా కూడా వాడతామని 2019లో ప్రకటించారు. 1975లో బ్యారేజీ వచ్చాక పైన హిల్సా దాదాపు కనుమరుగైన నదిలో, ఆ మాట నిలబడితే చిన్న విషయం కాదు. టెర్మినళ్లలో మాత్రం ఉద్యోగాలు తక్కువ, పని యంత్రాలదే. నది ప్రతి మలుపూ తెలిసిన మనిషి సరంగు కావచ్చు గానీ, సర్టిఫికెట్ లేనిదే ఎవరూ చేర్చుకోరు. ఆ సర్టిఫికెట్ ఇప్పించే శిక్షణ ప్రాజెక్టు ఖర్చులో ఎంతో కాదు. పడవ నడిపే కులాల యువకులను ముందుగా తీసుకుని ఈ పని చేస్తే ఓడకూ మేలే.

నష్టం లెక్కకు రాకపోవడానికి ఒక మామూలు కారణం ఉంది. భూమికి పట్టా ఉంటుంది, నీటిలో వల వేసే చోటుకు ఉండదు. ఆ చోటు ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఏ ఆఫీసులోనూ రాసి ఉండదు. సర్వే బృందం వరద నెలల్లో వస్తే వేటగాళ్లు కూలికి వెళ్లి ఉంటారు, "ఈ గట్టున ఆధారపడ్డ కుటుంబాలు తక్కువ" అని నమోదవుతుంది. చేప ఎండబెట్టేవాళ్లు, వల బాగుచేసేవాళ్లు, బుట్టలో పెట్టి ఊళ్లలో అమ్మేవాళ్లు, నాచు ఏరేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లే. పడవ ఎవరి పేరు మీద ఉందో వాళ్లనే లెక్కపెట్టే సర్వేలో వాళ్లు కనిపించరు. కాబట్టి మొదట జరగాల్సింది పరిహారం రేటు మీద బేరం కాదు. పూడిక తీత మొదలుకాక ముందే, కనీసం ఒక పూర్తి ఏడాది, నెలనెలా ఎవరు ఎక్కడ ఏం చేస్తున్నారో ఆ ఊరివాళ్లతోనే పటం గీయించాలి. ఏ మడుగు తోడకూడదు, ఏ పాయ మూయకూడదు, ఏ నెలల్లో రాత్రి ఓడ నడపకూడదు అన్నవి ఆ పటం నుంచే తేలతాయి. నదిని ఓడకు సరిపడా లోతు చేయడం కంటే, నదికి సరిపడేలా నీటిలో తక్కువ లోతు మునిగే ఓడను ఎంచుకోవడం చాలాచోట్ల చవక కూడా. ఏటేటా తోడే ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవడంతో ఓడ యజమానికి ఆ ఆలోచన రాదు.

తెగిన వల సంగతికి వస్తే, దీనికి సాంకేతికత ఇప్పటికే ఉంది. పెద్ద ఓడల్లో ఏఐఎస్ అనే పరికరం ఓడ పేరు, స్థానం, వేగం ఎప్పటికప్పుడు ప్రసారం చేస్తుంది. హల్దియా, ఫరక్కా మధ్య 2016 నుంచే నదీ సమాచార వ్యవస్థ పేరుతో ఓడల కదలికలను తీరం నుంచి చూస్తున్నారు. రాత్రి రెండింటికి ఫలానా మలుపు దగ్గర ఏ ఓడ వెళ్లింది, దారి లోపలే వెళ్లిందా, ఎంత వేగంతో వెళ్లింది అన్నది రికార్డులో ఉంటుంది. వల పోగొట్టుకున్న జాలరికి మాత్రం ఆ రికార్డు అందే దారి లేదు. ఓడ ఏదో చెప్పలేడు కాబట్టి ఫిర్యాదు తీసుకోరు. ఫిర్యాదులు లేవు కాబట్టి సమస్య లేదని నివేదికలో రాస్తారు. ఆ రికార్డును ఊరి మత్స్యకార సంఘం చూసుకునే వీలు కల్పించాలి. జలమార్గం వాడుకునే ప్రతి టన్ను మీద కొద్దిపాటి రుసుముతో నిధి పెట్టాలి. చోటు, సమయం రికార్డుతో కలిస్తే చాలు, తప్పు ఎవరిదన్న వాదన తేలేదాకా ఆపకుండా కొత్త వల ఖర్చు ఇచ్చేయాలి. వలకు డబ్బు ఆ వారమే అందాలి. ఆరు నెలలకు అందితే ఆ వేట కాలం అప్పటికే పోయి ఉంటుంది.